అక్షయధనము



గలిలయ సీమలో ఒక కొండమీద కూర్చుండి క్రీస్తు ప్రభువు తన శిష్యులకు చేసిన బోధ మత్తయి సువార్తయందు 5వ అధ్యాయము మొదలు 7వ అధ్యాయము వరకు విస్తరించియున్నది. ఆ బోధ నడుమ, ప్రార్థనను గూర్చియు ఉపవాసమును గూర్చియు పలికిన మాటల వెంటనే, ఆయన ధనమును గూర్చి ప్రస్తావించెను. భూమిమీద కూడబెట్టిన సంపదను చిమ్మెట కొట్టును, తుప్పు తినును, దొంగ కన్నము వేసి యెత్తుకొనిపోవును. పరలోకమున కూడబెట్టినదానికి ఈ మూడింటివలనను హాని లేదు. మనుష్యుని ధనమెచ్చట నుండునో అతని హృదయమును అచ్చటికే చేరును అని ఆ బోధ సారాంశము. నేటి యీ స్వల్ప సమయములో నేను మనవి చేయదలచినది ఈ మాటలను గూర్చియే. విశేషించి, ఈ మాటలను అక్షరాలా నమ్మి, ఆ నమ్మకముతో మన తెలుగు దేశము వరకు నడచివచ్చిన యొక మనుష్యుని గూర్చి.

ఆ ముగ్గురు శత్రువులను ప్రభువు ఊరక పేర్కొనలేదు. ఆనాటి పాలస్తీనా దేశమున ధనమనగా బ్యాంకు పుస్తకములోని యంకె కాదు. కంటికి కనబడి చేతికి తగులు వస్తువు. విలువగల వస్త్రము అందు ముఖ్యమైనది. యెరికో పట్టణము కూలినప్పుడు ఆకాను అనువాడు దొంగిలించి తన డేరాలో పాతిపెట్టినవానిలో వెండి బంగారములతోపాటు షీనారు దేశపు పైవస్త్రమొకటి యున్నది. ఎలీషా సేవకుడైన గేహజీ అబద్ధమాడి నయమానునొద్ద సంపాదించినవానిలో రెండు దుస్తులున్నవి. తరతరములకై మడిచి దాచిన యా వస్త్రములకు చిమ్మెట శత్రువు. లోహమును లోలోపల తినివేయు తుప్పు రెండవ శత్రువు. ఇండ్ల గోడలు మట్టివి గనుక, తలుపు జోలికి పోక గోడనే త్రవ్వు దొంగ మూడవవాడు. పెట్టెలోని పట్టుచీరె మడతలలో ఎండు వేపాకు పెట్టు గృహిణికిని, పాతరలో ధాన్యము పోసి పైన మట్టి మెత్తిన రైతునకును, గోడకు కన్నము పడిన తెల్లవారుజామున గుండె బాదుకొన్న కుటుంబమునకును ఈ బోధపై వ్యాఖ్యానము చెప్పనక్కరలేదు. ఈ శత్రువులు చప్పుడు చేయక పనిచేయుదురు. ధనికుడు తనకు సర్వము కలదని నమ్మి నిద్రించు రాత్రియే, అతని సర్వము తరుగుట కారంభించి యుండును.

అయినచో ప్రభువు ఆస్తిని నిషేధించెనా? నిత్యజీవము పొందుటకేమి చేయవలెనని యడిగిన ధనవంతుడైన యౌవనునితో, కలిగినదంతయు అమ్మి బీదలకిచ్చి తన్ను వెంబడింపుమని ఆయన చెప్పెను. అతడు మిక్కిలి ఆస్తిగలవాడగుటచే దుఃఖముతో మరలిపోయెను. సుంకపు గుత్తదారుడైన జక్కయ్య తన యాస్తిలో సగము బీదలకిచ్చెదననియు, అన్యాయముగ తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి చెల్లించెదననియు నిలువబడి పలికినప్పుడు, మిగిలిన సగము సంగతి యేమని ఆయన ప్రశ్నింపలేదు. సంతోషముతో ఆ యింటికి రక్షణ కలిగినదని ప్రకటించెను. బేతనియలోని మార్త తన యిల్లు అమ్మలేదు. ఆ యింటనే ఆయన భోజనము చేసెను. అరిమతయియ యోసేపు ధనికుడుగనే యుండి, తనకొరకు రాతిలో తొలిపించుకొన్న క్రొత్త సమాధిని ఆయన దేహమునకు విడిచిపెట్టెను. ఒకే గురువు నలుగురియెడ నాలుగు విధముల వర్తించినట్లు పైకి తోచును. కాని ఆ మనుష్యుడు దేనిని ఆనుకొని నిలిచియున్నాడో, దేనిని తీసివేసినచో పడిపోవునో, అచ్చటనే ఆయన ప్రతివానిని తాకెను.

ఈ కథలు వినినవారందరును ఒకే విధముగ వినలేదు. మూడవ శతాబ్దమున ఐగుప్తు దేశములో అంతోని యను యువకుడు, తల్లిదండ్రులు గతించిన కొలది కాలమునకే, దేవాలయమున ఆ ధనవంతుడైన యౌవనుని వృత్తాంతము చదువబడుచుండగా విని, అది ఆ దినమున తనకొరకే చదువబడినదని గ్రహించి, పిత్రార్జితమైన 300 అరూరాల సారవంతమైన భూమిని గ్రామస్థులకు వదలి, తుదకు ఎడారిని ఆశ్రయించెను; అతని చరిత్రను అలెగ్జాండ్రియా అధ్యక్షుడైన అతనాసియుసు వ్రాసెను. అంతకు పూర్వమే అదే నగరమున క్లెమెంటు అను పండితుడు ఆ వృత్తాంతమునకే వ్యాఖ్యానముగ ఒక గ్రంథము రచించి, విసర్జింపవలసినది ఆస్తి కాదనియు ఆస్తిమీది వ్యామోహమనియు, ఎల్లరును సమస్తమును విడిచినచో ఆకలిగొన్నవానికి అన్నము పెట్టువాడెవడనియు వాదించెను. క్లెమెంటు వాదము సమంజసమైనది. దానిని త్రోసిపుచ్చుటకు వీలులేదు. అయినను ఆ వాదము నాశ్రయించినవారిలో ఎందరో వ్యామోహమును విడిచితిమని తమకు తాము నచ్చజెప్పుకొని ఆస్తిని మాత్రము యథాతథముగ నిలుపుకొనిరని చరిత్ర చెప్పుచున్నది. అంతోనివంటివారు కాలకాలమున జన్మింపకపోయినచో క్లెమెంటు మాట ధనికుల తలక్రింద మెత్తని తలగడయై మిగిలియుండెడిదని నా నమ్మకము.

ఇంకొక శంక కలదు. ఫలాపేక్ష లేని కర్మమే శ్రేష్ఠమని గీతయందు వినిన మన చెవులకు, పరలోకమున ప్రతిఫలము కలదని క్రీస్తు పలుమారు చెప్పుట వింతగ తోచవచ్చును. ఇచ్చట నొకటి విడిచి అచ్చట నూరంతలు పొందుట వర్తకము కాదా యని యడుగువారు కలరు. వారి ప్రశ్న న్యాయమైనది. దేవునికిచ్చిన రూపాయి నూరు రూపాయలై ఈ లోకముననే తిరిగి వచ్చునని బోధించువారు ఆ ప్రశ్నకు మరింత బలము చేకూర్చుచున్నారు. అట్టి బోధ చిమ్మెటకును తుప్పునకును లోబడిన ధనమునే మరల చేతికిచ్చి, దానికి దేవుని పేరు పెట్టుచున్నది గనుక, అది క్రీస్తు బోధకు నేరుగ విరుద్ధమని నేను నిస్సంశయముగ చెప్పగలను. ప్రభువు చెప్పిన ప్రతిఫలము స్వభావము వేరు. ద్రాక్షతోట యజమానుని ఉపమానమున, ప్రొద్దు పొడిచినది మొదలు ఎండలో శ్రమించినవానికిని, సాయంకాలము ఒక్క గంట పనిచేసినవానికిని ఒక్క దేనారమే లభించెను. పనికి తగిన కూలి యను లెక్క అచ్చటనే తెగిపోయినది. మత్తయి 25వ అధ్యాయమందలి తీర్పు దృశ్యమున, ఆకలిగొన్నవారికి అన్నము పెట్టి, రోగులను పరామర్శించి, చెరసాలలోనివారిని చూడబోయినవారు తమకు రాజ్యము లభించినప్పుడు, మేమెన్నడు ఇట్లు చేసితిమని విస్మయముతో ప్రశ్నించిరి. పుణ్యమునకు లెక్క వ్రాసికొన్నవానికి అట్టి విస్మయము కలుగదు. దేవుని ప్రేమించినవానికి దేవుడే లభించుట, ఆయన ప్రేమించిన మనుష్యులు తనకు శాశ్వత బంధువులగుట, ఇదియే ఆ ప్రతిఫలము. లూకా 16వ అధ్యాయమున, ఈ లోకపు సిరితో స్నేహితులను సంపాదించుకొనుడనియు, ఆ సిరి పోయిన దినమున వారే మిమ్మును నిత్యనివాసములలో చేర్చుకొందురనియు ప్రభువు చేసిన హితబోధ తాత్పర్యమును నేనిట్లే గ్రహించుచున్నాను. ధనము మనుష్యుడుగ మారవలెను. మారినది మాత్రమే మిగులును.

ఇక నేను చెప్పదలచిన మనుష్యుని కథ. ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ 1795లో ఇంగ్లండునందు హాంప్‌షైరు మండలమున జన్మించెను. లండనులో తన బంధువునొద్ద దంతవైద్యము నేర్చి, మొదట ప్లిమతు పట్టణమునను తరువాత ఎక్సెటరు నగరమునను వైద్యవృత్తి సాగించి, ఆ బంధువు కుమార్తెయైన మేరీని 1816లో వివాహమాడెను. ఎక్సెటరులో ఆయన ఆదాయము సంవత్సరమునకు 1500 పౌన్లకు పెరిగెను. ఆ కాలమునకు అది ఐశ్వర్యమే. యౌవనమునుండియు దూరదేశములకు సువార్తికుడుగ పోవలెనని ఆయనకు గాఢమైన కోరిక. మేరీకి అది సమ్మతము కాలేదు. భార్య మనస్సు నొప్పించి చేయు త్యాగము త్యాగము కాదని యెరిగి ఆయన ఊరకుండెను. ఇంతలో ఆ దంపతులు తమ యాదాయములో పదియవ వంతు దేవుని పనికని వేరుపరచిరి. ఆ సొమ్మును పంచుటకై మేరీ బీదల వాడలకు పోవ నారంభించెను. ఆ యిండ్లలోని రోగములను, ఆకలిని, ఆ యాకలి నడుమ కొందరి యచంచలమైన భక్తిని చూచి వచ్చుచుండగా ఆమె మనస్సు క్రమక్రమముగ మారెను. పదియవ వంతు నాల్గవ వంతాయెను. కొంతకాలమునకు, నిరాడంబరమైన జీవనమునకు కావలసినది పోగా మిగిలినదంతయు ఇచ్చివేయుటకును, పిల్లలకై కూడబెట్టుట మానుటకును దంపతులిరువురును ఏకీభవించిరి. తుదకు దూరదేశ యాత్రకు భర్తకంటె ముందుగ సిద్ధమైనది మేరీయే యని చెప్పినను తప్పులేదు.

ఈ క్రమమును శ్రోతలు శ్రద్ధగ గమనింపవలెనని నా ప్రార్థన. మొదట హృదయము మారిన తరువాత, దానివెంట ధనము తనంతట తానే కదలునని మనమెల్లరము తలంచుచుందుము. అట్టి దినము వచ్చువరకు వేచియుండుట భక్తియని కూడ తలంచుచుందుము. ప్రభువు చెప్పిన వరుస దీనికి తారుమారు. ధనము ముందు పోవును, హృదయము దాని వెంట పోవును. మేరీ గ్రోవ్స్ యందు జరిగినది ఇదియే. ఆమె హృదయము సిద్ధముగ లేనప్పుడే ఆమె చేతులు ఇచ్చుటకు మొదలుపెట్టినవి. ఏ బీదల యిండ్లకు ఆ సొమ్ము చేరెనో ఆ యిండ్లకే, కొన్నాళ్లు ఆలస్యముగ, ఆమె హృదయమును చేరెను. నేను చదివిన వ్యాఖ్యానములలో ఏదియు ఈ స్త్రీ జీవితమంత స్పష్టముగ ఆ వాక్యమును నాకు బోధపరుపలేదు.

1825లో గ్రోవ్స్ క్రైస్తవుని సమర్పణమును గూర్చి ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. ధనమును గూర్చి ప్రభువు పలికిన మాటలు అలంకారములు కావనియు, వానిని ఉన్నవియున్నట్లు ఆచరించుటయే శిష్యధర్మమనియు, రేపటి కొరకు పోగుచేయుట తండ్రియందలి విశ్వాసమును క్షీణింపజేసి పొరుగువాని బాధకు కన్ను మూయించుననియు అందలి వాదము. ఈ భావములచే ప్రేరితులైనవారిలో జార్జి ముల్లర్ ప్రసిద్ధుడు. ప్రష్యా దేశమున పుట్టి ఇంగ్లండునకు వచ్చిన ఆయన 1830లో గ్రోవ్స్ సోదరిని వివాహమాడి, ఆ సంవత్సరమే తన సంఘమిచ్చు నియతమైన జీతమును మానుకొని, 1836లో బ్రిస్టలు నగరమున అనాథశరణాలయము స్థాపించి, తన జీవితకాలమున పదివేలకు పైబడిన అనాథ బాలబాలికలను పోషించెను. కూడబెట్టరాదని యొకడు వ్రాసిన చిన్న పుస్తకము ఎన్ని వేల కంచములలో అన్నమై పడినదో ఊహింపుడు.

1829 జూన్ నెలలో గ్రోవ్స్ లాభసాటియైన వృత్తిని వదలి, ఏ సంఘము యొక్క జీతమును లేక, భార్యను, ఇద్దరు చిన్న కుమారులను, మరి కొందరు సహచరులను వెంటబెట్టుకొని ఓడ యెక్కెను. ఆ సహచరులలో జాన్ కిట్టో ఒకడు. తాపీపనివాని కుమారుడైన కిట్టో బాల్యమున నిచ్చెనమీదినుండి పడి చెవులు పూర్తిగ వినబడకపోగా, బీదల శరణాలయమున పెరిగి, గ్రోవ్స్ ఆదరణమున దంతవైద్యము నేర్చినవాడు. తరువాతి కాలమున ఆయన బైబిలు పండితుడై రచించిన గ్రంథములు ఇంగ్లండున ఇంటింట చదువబడినవి. వీరందరు రష్యా మీదుగ, కాకసస్ పర్వత ప్రాంతములు దాటి, ఆ సంవత్సరాంతమునకు బాగ్దాదు చేరిరి. అచ్చట పాఠశాల పెట్టిరి, రోగులకు చికిత్స చేసిరి, అరబ్బీ నేర్చుకొనిరి.

1831 వసంతమున బాగ్దాదులో మహామారి వ్యాపించినది. బ్రిటిషు రెసిడెంటు బస్రాకు తరలిపోవుచు తమతో రమ్మని పిలిచినను గ్రోవ్స్ దంపతులు పోలేదు. చేపట్టిన పనిని విడిచిపోవుటకు వారి మనస్సొప్పలేదు. వీధులలో శవములు, విడువబడిన పసిపిల్లలు. అదే సమయమున టైగ్రిస్ నది పొంగి, నగరపు గోడలు తెగి, వేలకొలది ఇండ్లు కూలినవి. మే నెల 14వ తేదీన మేరీ ఆ మహామారి వాతబడి మరణించెను. ఆగస్టులో పసికూతురును పోయినది. ఆ దినములలో గ్రోవ్స్ వ్రాసికొన్న దినచర్య మరుసటి యేట అచ్చయినది. ఆయన తన దుఃఖమును కప్పిపుచ్చుటకు అందు ప్రయత్నింపలేదు. భక్తుని కన్నీరు అవిశ్వాసమని తలచువారు దానిని తప్పక చదువవలెను. సంవత్సరమునకు 1500 పౌన్లు విడుచుట ఆయనకు గొప్ప త్యాగమని మనము చెప్పుకొందుము. కాని ఆయన చేతినుండి నిజముగ తీసికొనబడినది ఇది. ధనమును విడిచినవానికి దేవుడు ఇతర నష్టములు రానీయడని యెవరైన తలచినచో బాగ్దాదు ఆ తలంపును నిలువనీయదు. గ్రోవ్స్ నిలిచినది ఒక్క నమ్మకము మీద: మృతులు లేతురు గనుక మేరీ తనకు నష్టము కాలేదని, ఆమె కేవలము తనకంటె ముందు చేరినదని. ఈ నమ్మకము లేనిచో పరలోకమందలి ధనమను మాటకు అర్థము లేదు. దానిని దృఢముగ నమ్మినవాడే ఆ సంవత్సరము బాగ్దాదులో నిలువగలడు.

1833లో ఆయన మన దేశమునకు వచ్చి దక్షిణ దేశమున విరివిగ సంచరించెను. మరల ఇంగ్లండునకు పోయి 1836లో తిరిగివచ్చునప్పుడు, డెవన్ మండలపు బార్న్‌స్టేపుల్ పట్టణమునుండి ఇద్దరు శ్రమజీవులను, వారి భార్యలను వెంట తెచ్చెను. ఒకరు విలియం బౌడెన్, రాతిపని చేయువాడు. మరియొకరు జార్జి బీర్, చెప్పులు కుట్టువాడు. నియతమైన జీతము ఇచ్చువారెవరును వెనుక లేకయే వారు మచిలీపట్నము చేరి, తెలుగు నేర్చి, పిమ్మట నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో స్థిరపడిరి. గోదావరి డెల్టా మిషను అట్లు పుట్టినది. వారు వచ్చిన నాటికి 1833 ప్రాంతపు మహాక్షామము గుంటూరు సీమను తుడిచిపెట్టి యెంతో కాలము కాలేదు. ధవళేశ్వరము ఆనకట్ట ఇంకను లేదు. నేడు మనమెరిగిన పచ్చని గోదావరి సీమ అప్పటికి పుట్టలేదు. 1847 మొదలు 1852 వరకు కాటను దొరగారి యాజమాన్యమున ఆ యానకట్ట పని సాగుచున్నప్పుడు అచ్చట చేరిన వేలకొలది కూలీల నడుమను వీరు సువార్త ప్రకటించిరి. బీర్ 1853లో మరణించెను. బౌడెన్ మరి యిరువది యేండ్లకు పైగ ఆ సీమలోనే పాటుపడెను. తమ దేశమున వారికి రాతియులియు చెప్పుల సూదియు తప్ప ఆస్తి యనదగినది లేదు. అందుచే వారు విడిచివచ్చినది స్వల్పమని యెవరైన అనవచ్చును. ఇద్దరు యువకులు తమ బ్రదుకంతయు తమ భాష తెలియని గ్రామములకు ధారపోయుట స్వల్పమైనచో, అధికమనునదేదో నాకు తెలియదు.

గ్రోవ్స్ మాత్రము 1837లో చిత్తూరులో కాపురము పెట్టెను. అచ్చట జరిగినది చెప్పక విడుచుట న్యాయము కాదు. పౌలు అపొస్తలుడు డేరాలు కుట్టి తన చేతి కష్టముతో జీవించినట్లు, సువార్తికులు ఎవరికిని భారము కాక స్వయముగ సంపాదించుకొనవలెననియు, మతము మారినందున జీవనము కోల్పోయినవారికి పని చూపవలెననియు ఆయన వ్యవసాయ క్షేత్రమొకటి నెలకొల్పి పట్టు పరిశ్రమ ప్రారంభించెను. ఉద్దేశము నిర్మలమైనది. మొదట కొంత అభివృద్ధి; అటుపిమ్మట నష్టము; నష్టమును పూడ్చుటకు అప్పు; ఆ యప్పు భారము ఆయనను సంవత్సరముల తరబడి క్రుంగదీసెను. ధనము కూడబెట్టరాదని పుస్తకము వ్రాసినవాడు, దేవుని పనికొరకే ధనము సంపాదింపబోయి, దాని చిక్కులలో తన శ్రేష్ఠమైన కాలమును వెచ్చింపవలసివచ్చెను. ఆయనను నిందించుటకు నేనీ సంగతి చెప్పుటలేదు. ఆయనయెడ నా గౌరవము దీనివలన పెరిగినదే కాని తరుగలేదు. సిరి స్వార్థపరుని మాత్రమే బంధించునని మనము నిర్భయముగ నుందుము. సదుద్దేశము తలుపుగుండ కూడ అది లోపలికి రాగలదు; దేవాలయపు కట్టడ నిధి, పాఠశాల నిధి, ధర్మసంస్థ ఆస్తి అను పేర్లతో అది మన సంఘములలో ఎన్ని హృదయములను కట్టివేసినదో, ఎన్ని న్యాయస్థానముల మెట్లెక్కించినదో తెలిసినవారు చిత్తూరు కథను తేలికగ తీసికొనరు. సంపాదన ఆయన దృష్టిని కొంతకాలము మరల్చినది. కాని విఫలమైన పరిశ్రమ ఆయన విశ్వాసమును విఫలము చేయలేకపోయినది. ఆరోగ్యము చెడి ఆయన 1852లో ఇంగ్లండునకు మరలి, 1853 మే నెల 20వ తేదీన బ్రిస్టలులో ముల్లర్ గారి యింట కన్నుమూసెను.

ఇంతవరకు కలవారిని గూర్చి చెప్పితిని. లేనివారి మాట యేమి? భూమియు ఇల్లును లేని కూలివానితో ధనమును ఆశింపకుము, పరలోకమున నీకు ప్రతిఫలము కలదని చెప్పుట క్రూరత్వము. అట్టి బోధ భూస్వామికి సౌకర్యమై, కూలివానికి సంకెలగును. క్రీస్తు అట్లు బోధింపలేదు. ఆయన హెచ్చరికలు కొట్లు నిండినవారికి, ఊదారంగు వస్త్రములు ధరించి గుమ్మమునందలి లాజరును చూడనివారికి. యాకోబు తన పత్రికలో పొలము కోసిన పనివారికి కూలి యెగ్గొట్టిన ధనికులను ఎంత తీవ్రముగ గద్దించెనో, ఆ బిగబట్టిన కూలియే దేవుని సన్నిధిని మొరపెట్టుచున్నదని యెట్లు వర్ణించెనో చూచినవారికి, నిత్యత్వమును గూర్చిన చింత ఈ లోకపు న్యాయమును మరపింపదని, దానిని మరింత అత్యవసరము చేయునని తెలియును. కూలివాని కూలి బిగబట్టి కానుకపెట్టెలో వేయు నోటు పరలోకమునకు చేరదు.

అయినను బీదవాడు పుచ్చుకొనువాడు మాత్రమే యని తలచుట అతని మానవత్వమును తగ్గించుటయే. ఈ సత్యమును మన దేశమున దోర్నకల్ అధ్యక్షుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారివలె గ్రహించినవారు అరుదు. తిరునల్వేలి సీమలో 1874లో జన్మించిన ఆయన 1909లో నిజాము రాజ్యమందలి దోర్నకల్‌కు మిషనరీగ వచ్చి, తెలుగు నేర్చి, 1912 డిసెంబరులో ఆంగ్లికన్ సంఘమున మొట్టమొదటి భారతీయ బిషప్పుగ అభిషిక్తుడయ్యెను. ఆయన సంఘములోనివారు అత్యధికులు పొలాలలో కూలి చేసికొను దళితులు. ఒక పూట తిని ఒక పూట పస్తుండువారు. వారినుండి కానుకలు కోరరాదని సానుభూతిపరులు చెప్పుచుండగా, ఆయన దానికి సమ్మతింపలేదు. విదేశపు సొమ్ముతో నిలిచిన సంఘము తన కాళ్లమీద తాను నిలువదనియు, ఇచ్చు గౌరవమునకు బీదవానిని దూరము చేయుట అతనికి మేలు కాదనియు ఆయన నమ్మి, క్రైస్తవుని దాతృత్వమును గూర్చి ప్రత్యేకముగ ఒక గ్రంథమునే వ్రాసెను. పొయ్యిమీద ఎసరు మరుగుచుండగా, ఇంటివారికై కొలిచిన బియ్యమునుండి పిడికెడు తీసి వేరొక కుండలో వేసి, ఆదివారమున దేవాలయమునకు తెచ్చు స్త్రీలు మన సంఘములలో నేటికిని కలరు. కోతపండుగకు ధాన్యపు కంకులు, గుమ్మడికాయలు, కోడిపిల్లలు బలిపీఠము ముందుకు వచ్చుట మనమెల్లరము చూచినదే. దేవాలయపు కానుకపెట్టె యెదుట కూర్చుండి రెండు కాసులు వేసిన విధవరాలిని చూచి ప్రభువు ధనికులకంటె ఆమె యెక్కువ వేసెనని చెప్పినప్పుడు, ఆయన కొలిచినది ఆమె వేసినదానిని కాదు, ఆమెకు మిగిలినదానిని. పిడికెడు బియ్యము తీసిన కుండలో ఎంత మిగిలినదో ఆ యిల్లాలికి తెలియును, దేవునికి తెలియును.

ఇక తండ్రులును తల్లులును అడుగు ప్రశ్న యొకటి మిగిలియున్నది. అది నిజమైన ప్రశ్న, దానిని దాటవేయుట తగదు. పిల్లల కేమి మిగిల్చెదము? తన యింటివారిని సంరక్షింపనివాడు విశ్వాసమును విడిచినవాడని పౌలు తిమోతికి వ్రాసియున్నాడు. కావున ఇది లోకసంబంధమైన చింతయని త్రోసివేయుటకు వీలులేదు. అన్నము, బట్ట, విద్య, ప్రేమ బిడ్డలకు చెందవలసినవి. వానిని అపహరించి దేవాలయమున కిచ్చు హక్కు ఏ తండ్రికిని లేదు. దేవునికి మీదుకట్టితిమను నెపమున తల్లిదండ్రులను పోషింపనివారిని ప్రభువే గద్దించెను గదా. కాని సంరక్షణకును కూడబెట్టుటకును నడుమ మేర యొకటి కలదు. ఆ మేర ఎక్కడనో ప్రతి కుటుంబమును తన మనస్సాక్షి యెదుట నిర్ణయించుకొనవలెను. కుమార్తె వివాహమునకని, కుమారుని మేడకని, మనుమల పేరిట భూములకని సాగు మన లెక్కలలో సంరక్షణ యెచ్చట ముగిసినదో, భయము ఎచ్చట మొదలైనదో చూచుకొనుటకు ధైర్యము కావలెను.

గ్రోవ్స్ తన బిడ్డలకు ఆస్తి మిగుల్పలేదు. మిగుల్పకపోగా, ఎక్సెటరులో సుఖముగ పెరుగదగిన బాలురను బాగ్దాదుకు కొనిపోయి తల్లిలేనివారిని చేసెనని ఆనాడే బంధువులు తలచియుండవచ్చును. వారిలో పెద్దవాడైన హెన్రీ, మహామారియు వరదయు ఏకమైన యా సంవత్సరము బాగ్దాదులో నున్న బాలుడు. తండ్రి నిర్ణయముల మూల్యమును ఎక్కువగ చెల్లించినవారిలో అతడొకడు. తండ్రి త్రోవను తిరస్కరించుటకు అతనికి లోకములోనివారందరికంటె ఎక్కువ కారణమున్నది. ఆ హెన్రీ గ్రోవ్స్ పెద్దవాడై, ఇంగ్లండున సువార్త బోధకుడై, 1872లో ఆరంభమైన మిషనరీ ఎకో యను మాసపత్రికకు సంపాదకులలో ఒకడాయెను. తరువాత ఎకోస్ ఆఫ్ సర్వీస్ అను పేర ప్రసిద్ధమైన ఆ పత్రిక చేసిన పని, తన తండ్రివలె జీతము లేక దూరదేశములకు పోయినవారి జాబులను ప్రకటించుట, వారి కొరకు విశ్వాసులిచ్చిన కానుకలను వారికి చేర్చుట. ఆ కానుకలు చేరిన చోట్లలో మన గోదావరి డెల్టా యొకటి.